కుర్చీకి తగిలించిన గొడుగు

సారు పోయారన్న కబురు నాకు పేష్కార్ సాబ్ చెప్పారు. పొద్దున దేవుని ముందు కూర్చుని ఒత్తులు చేసుకుంటుంటే ఫోను మోగింది. ఆ వేళప్పుడు నేను ఎత్తనని తెలిసినవాళ్ళు చేయరు. ఆగి మళ్ళీ మోగింది. ఎత్తితే, కచేరీ వరండాలో పేర్లు పిలిచి పిలిచి బొంగురుపోయిన ఆ గొంతు.

“అక్కా, సారు పోయిండు. హన్మకొండల. నిద్రలనే పోయిండట.”

తర్వాత ఆయనే అన్నారు. “ఇగ మన కచేరీల కూసొని ఎవరు చూస్తరక్కా?”

ఫోను పెట్టి దీపం వెలిగించాను. ఏడుపు వస్తుందనుకున్నాను. వచ్చింది కూడా. కానీ దాని వెనకాలే నవ్వు వచ్చింది. దేవుని ముందు అట్లా నవ్వడం నాకు అలవాటు లేదు. లెంపలు వేసుకున్నాను. అప్పుడు కూడా నవ్వే వచ్చింది. సారు బతికున్నప్పుడు కూడా మాకు ఆయనతో ఇదే ఇబ్బంది. ఆయన ఎంత దిగులుగా ఉంటే మాకు అంత నవ్వు వచ్చేది.

మా ఊరి పేరు, ఆ కచేరీ పేరు రాయడం లేదు. ఇప్పుడు అక్కడ పనిచేసేవాళ్ళు మంచివాళ్ళు. అప్పటివాళ్ళు కూడా చెడ్డవాళ్ళు కారు. ఇచ్చోడలో చాయ్ తాగి బస్సెక్కితే నోట్లో ఆ రుచి పోకముందే మా ఊరు వస్తుందని మాత్రం చెప్తాను.

సారు మా ఇంటి మేడ మీది గదికి కిరాయికి వచ్చారు. చలికాలం. అయినా చంకలో నల్ల గొడుగు ఉంది. పిడి వంకర కట్టెది, పట్టుకుని పట్టుకుని నున్నగా అయింది. అప్పుడు ఇంట్లో ఉండేది నేను, మా అత్తమ్మ. మా ఆయన మస్కట్‌లో ఉన్నారు. అందుకని కిరాయిదారును పరీక్ష చేసే పని అత్తమ్మ తీసుకుంది.

“ఏం పని చేస్తవు బిడ్డా?”

“కాలేజీల లా చెప్పేటోన్ని అవ్వా. రిటైర్ అయిన. ఇప్పుడు పరిశోధన చేస్తున్న.”

మా దిక్కు పరిశోధన అంటే విత్తనాల కంపెనీవాళ్ళు చేసేది. అత్తమ్మ, “పత్తి గింజలా?” అని అడిగింది.

“కాదవ్వా. సర్కారు ఎట్ల నిర్ణయం తీసుకుంటదో చూస్తున్న.”

“ఎట్ల చూస్తవు?”

“కచేరీల కూసొని.”

“ఉత్తగ కూసొనా?”

“ఉత్తగనే కూసొని.”

అత్తమ్మ నా వైపు తిరిగి, ఆయన ముందరే, “కిరాయి ముందుగాల్నే తీసుకో” అన్నది.

ఆయన నవ్వారు. అదే ఆయన నవ్వడం నేను మొదట చూసింది. ఆ తర్వాత చాలా రోజులు మళ్ళీ చూడలేదు.

ఆ గొడుగు సంగతి ఇక్కడే చెప్పాలి. దాన్ని ఆయన ఎవరికీ ఇచ్చేవారు కాదు. ఒకసారి కాలం కాని కాలంలో కుండపోతగా వాన కురుస్తుంటే పక్కింటామె బస్టాండుకు పోవాలని గొడుగు అడిగింది. సారు, “గొడుగు ఇయ్యనమ్మా. కావాలంటే తోడొస్త” అని చెప్పి, ఆమెను గొడుగు కింద నడిపించి, తను సగం వానలో తడుస్తూ బస్టాండులో దింపి వచ్చారు. దగ్గుతో పడుకున్నారు. అయినా గొడుగు చేయి మారలేదు.

ఆయన మా ఇంటికి వచ్చేనాటికి మా పొలం మాది కాదు. మా మామగారు కొన్న చెలక అది. పత్తి, కంది వేసేవాళ్ళం. రికార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు అది ప్రభుత్వ భూమి అని వచ్చింది. ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పలేదు. పాసుబుక్కు లేదు. తహసీల్దారు ఆఫీసులో అర్జీ పెట్టుకుంటే ‘తిరస్కరించడమైనది’ అని ఒక్క మాటతో కాగితం వచ్చింది. దాని మీద పైకి అప్పీలు చేసుకున్నాం. మా ఆయన ప్రతి శుక్రవారం మస్కట్ నుంచి ఫోను చేసి ఒకే మాట అడిగేవారు. “తేలిందా?” తేలలేదంటే, “తేలితే చెప్పు. అదే దినం ఎగ్జిట్ ముద్ర కొట్టిచ్చుకొని వస్త. గీ ఎండల వేరేటోని గోడ కట్టుడు ఇడిసి, ఆ ఎండల మన పత్తి ఏరుకుంట” అనేవారు. చెలక మాదని తేలితే ఆయన ఇంటికి వస్తారు. తేలకపోతే రారు. మా ఇంట్లో అప్పుడు అందరం ఎదురుచూస్తున్నది దాని కోసమే.

ఆ అప్పీళ్ళు వినే కచేరీలోనే సారు కూర్చునేది.

అది కోర్టే కానీ నల్లకోటు జడ్జి ఉండడు. పొద్దున మీటింగులు, మధ్యాహ్నం ఏ ఊళ్ళోనో చెరువు కట్ట చూసి రావడం, అవన్నీ అయ్యాక భూముల వ్యవహారం చూసే మా పెద్దసారు అదే కుర్చీలో జడ్జిగా కూర్చుంటారు. అలిసిపోయి ఉంటారు. పాపం, తప్పు పట్టను. పేషి అంటే మాకు తెలిసింది ఒకటే. వరండాలో నిలబడతాం. పేష్కార్ సాబ్, అంటే పెద్దసారు ముందు ఫైళ్ళు పెట్టే గుమస్తా, గొంతెత్తి పేరు పిలుస్తారు. మేము ‘హాజర్’ అంటాం. ఆయన తర్వాతి తారీఖు చెప్తారు. బస్సెక్కి ఇంటికి వస్తాం. పెద్దసారు ముఖం ఎట్లుంటుందో తెలియనివాళ్ళు మాలో చాలామంది.

అట్లాంటి చోటికి సారు గొడుగు పట్టుకుని వెళ్ళి, జిల్లా పెద్దల దగ్గర తెచ్చుకున్న అనుమతి కాగితం ఇచ్చారు. ‘ఈయన పరిశోధకుడు, కూర్చుని చూస్తారు, అంతే’ అని అందులో స్పష్టంగా రాసి ఉంది. కానీ ఆ కచేరీలో వచ్చిన కాగితానికి నంబరు వేసి బీరువాలో పెట్టడమే పద్ధతి. చదవడం ఎవరి పనీ కాదు. కాబట్టి నంబరు వేశారు, బీరువాలో పెట్టారు. తర్వాత ఈయన ఎవరా అని ఆలోచించారు. ముసలాయన. ఇస్త్రీ చొక్కా. మాట్లాడడు. చాయ్ ఇస్తే తాగడు. వెనక కూర్చుని ఏదో రాసుకుంటున్నాడు. మాటిమాటికీ గడియారం చూస్తున్నాడు. అటెండరు తేల్చేశాడట. “హైదరాబాద్ నుంచి తనిఖీకి వచ్చిండు. పక్కా.”

“నేను తనిఖీకి రాలే” అని సారు చెప్పారు.

“అవు సార్” అన్నారు పేష్కార్ సాబ్. “వచ్చినోళ్ళంత గదే అంటరు.”

అప్పటినుంచి మార్పు మొదలైంది. వరండాలో చల్లటి నీళ్ళ కుండ వచ్చింది. బెంచీలు వచ్చాయి. తిరగని ఫ్యాను తిరిగింది. సారుకు వెనక వరుసలో ప్రత్యేకంగా చేతుల కుర్చీ వేశారు. పెద్దసారు సమయానికి రావడం, ఫైలు తెరవడం, ఎదురుగా ఉన్నవాళ్ళను ‘చెప్పండి’ అనడం మొదలుపెట్టారు. ఉత్తర్వుల్లో ‘ఎందుకంటే’ అనే మాట వచ్చింది. జనం సంబరపడ్డారు. సారు మాత్రం ప్రతి సాయంత్రం మా వంటింటి గడప దగ్గర కూర్చుని, జొన్నరొట్టె చేతిలో పట్టుకుని, ఎవరో పోయినట్టు చెప్పేవారు.

“ఇయ్యాల గూడ మంచిగనే పనిచేసిండ్రమ్మా.”

అత్తమ్మకు అర్థమయ్యేది కాదు. “మంచిగ చేస్తే ఏడుస్తవేంది నాయినా?”

“నేను లేనప్పుడు ఎట్ల చేస్తరో చూడాలె అవ్వా.”

“నువ్వు లేనప్పుడు నువ్వెట్ల చూస్తవు?”

“అదే అవ్వా నా పరేషాన్.”

కనపడకుండా ఉండాలని ఆయన చేయని ప్రయత్నం లేదు. వెనక స్తంభం చాటుకు జరిగారు. కుర్చీ కూడా స్తంభం చాటుకు వచ్చింది. బయట కిటికీ దగ్గర నిలబడ్డారు. పేష్కార్ సాబ్ కిటికీ దగ్గర కుర్చీ వేయించి, ఎండ పడుతుందని పరదా కట్టించి, పరదా కడితే సారుకు కనపడదని మళ్ళీ విప్పించారు. “మీరు కనపడకుంటే మా పెద్దసారుకు ఫికర్ అయితది సార్. జర కనపడేటట్టే కూసోండ్రి” అని బతిమాలారు. సారుకు మధ్యమధ్య బయటికి పోయి రావాల్సిన వయసు. పోయినప్పుడల్లా కుర్చీకి గొడుగు తగిలించి పోయేవారు. గొడుగు ఉందంటే సారు ఇక్కడే ఎక్కడో ఉన్నట్టు. పెద్దసారు ఆ గొడుగును చూసి మళ్ళీ ఫైలులోకి తల వంచేవారట.

చివరికి సారు ఒక ఉపాయం చేశారు. కొన్ని పేషీలకు పోవాలి, కొన్నిటికి పోకూడదు. పోని రోజుల ఉత్తర్వులు తర్వాత ఫైళ్ళలో చదువుకోవచ్చు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. కానీ ఏ రోజు పోవాలన్నది ఆయన నిర్ణయించకూడదట.

“నాకిష్టమొచ్చిన నాడు పోతే, నాకిష్టమైందే కనపడతదమ్మా” అన్నారు. “చీటీలు వేద్దాం. మీరు తీయండి. మీరైతే దేవునికి భయపడతరు.”

ఆదివారం పొద్దున పూజ అయ్యాక, ప్రసాదం గిన్నె కడిగి తుడిచి అందులో చీటీలు వేసేవాళ్ళం. కొన్నిటి మీద ‘పోవాలె’, కొన్నిటి మీద ‘పోవద్దు’. వచ్చే వారం ఒక్కో పేషి రోజుకు ఒక్కో చీటీ. నేను కళ్ళు మూసుకుని తీసేదాన్ని. సారు దేవుణ్ణి నమ్మరు. అయినా చెప్పులు విప్పి గడప అవతల చేతులు కట్టుకుని నిలబడేవారు. “లోపలికి రండి సారూ” అంటే, “ఇది మీ కచేరీ కదమ్మా. ఇక్కడ నేను బయటోన్ని” అనేవారు.

ఈ సంగతి ఎట్లా బయటపడిందో నాకు తెలుసు. మా అత్తమ్మ. బావి దగ్గర చెప్పింది. అంతే. మర్నాటినుంచి పేషీ ఉన్నవాళ్ళు కొబ్బరికాయలతో మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. “అక్కా, మా తారీఖు నాడు సారు వచ్చేటట్టు తియ్యి.” నేను మెల్లగా మాట్లాడేదాన్ని. గట్టిగా కాదనడం రాదు. “నా చేతుల లేదు, చీటీల ఉంది” అని అందరికీ చెప్పి చెప్పి గొంతు పోయింది.

జైనూర్ దిక్కు నుంచి ఒక ముసలవ్వ వచ్చేది. ఇంటి జాగా కేసు. ఒకరోజు ఆమె బిందెంత గుమ్మడికాయ తెచ్చి సారు గది ముందు పెట్టింది.

“వద్దవ్వా” అన్నారు సారు. “ఇది తింటే నా పరిశోధన ఒక దిక్కు ఒరుగుతది.”

ముసలవ్వ ఆలోచించింది. “మరి సగం తిను.”

సారు తినలేదు. గుమ్మడికాయ మళ్ళీ బస్సెక్కింది. తర్వాతి పేషికి ఆమెతోపాటు మళ్ళీ వచ్చింది. అట్లా అది మా ఊరికీ ఆమె ఊరికీ తిరుగుతూనే ఉంది. కండక్టరు ఆమెను కాక గుమ్మడికాయనే పలకరించేవాడట.

ఇంతలో మా పేషి వచ్చింది.

ఆ నోటీసు చూడగానే సారు ముఖం మారింది. ఆ సాయంత్రం నేను రొట్టె పట్టుకుపోతే తలుపు సగమే తీశారు.

“అమ్మా, మీ పేషి అయ్యేదాంక మీ ఇంట్ల నేను ఏం తినొద్దు.”

“నేనేమన్నా అన్ననా సారూ?”

“లేదు. మీ చారు పోసుకొని తిని మీ కేసును ఎట్ల చూడాలె? కండ్లు సక్కగుండయి.”

ఆ వారమంతా ఆయన బస్టాండు హోటల్లో తిని కడుపు నొప్పితో పడుకున్నారు. అత్తమ్మ కింద నుంచి వాము పంపింది. అది కూడా వెనక్కి వచ్చింది. నాకు అడగాలని ఉండేది. ‘ఒక్కసారి వచ్చి కూర్చోండి సారూ. మీరు కూర్చుంటే ఫైలు తెరుస్తారు. తెరిస్తే మా ఆయన ఇంటికి వస్తారు.’ ఇంతే. నోటిదాకా వచ్చేది. కానీ వరండాలో నిలబడే అందరూ అడిగేది అదే కదా. వాళ్ళకు నేను చెప్పిన జవాబే నాకు నేను చెప్పుకున్నాను.

ఆదివారం వచ్చింది. చీటీలు వేసే ముందు సారును పిలిచి చెప్పాను. “సారూ, ఈ ‘పోవాలె’ అనే చీటీకి పోయినసారి నా చేతి పసుపు అంటింది. గరుకుగుంది. కండ్లు మూసుకున్నా చేతికి తెలుస్తది. కొత్తవి రాయండి.”

సారు నా వైపు చాలాసేపు చూశారు. పైకి పోయి కొత్త కాగితం చింపి అన్నీ మళ్ళీ రాసుకొచ్చారు. నేను దండం పెట్టుకుని మా తారీఖు చీటీ తీశాను.

‘పోవద్దు.’

మా ఆయనకు ఫోనులో చెప్పాను. “దేవుని ముందటనే తీస్తివా?” అన్నారు.

“ఆ.”

“మరి దేవుడు గట్లెందుకన్నడు?”

“దేవుడు అనలే. చీటీ అన్నది.”

“ఆ చీటీలు రాసినాయన మన ఇంట్లనే కదనే ఉండేది!”

“అందుకే ఆయన మన రొట్టె గూడ తింటలేడు” అన్నాను. అవతల నిట్టూర్పు వినిపించింది. ఎంత దూరం నుంచి వచ్చినా నిట్టూర్పు నిట్టూర్పే.

పేషి రోజు పొద్దున పసుపు బొట్టు పెట్టుకుని, కాగితాల సంచి పట్టుకుని బయలుదేరుతుంటే, సారు మెట్లు దిగి వచ్చారు. ఎటో చూస్తూ నిలబడ్డారు. ఎండాకాలం ఇంకా పూర్తిగా రాలేదు. కానీ ఆయన ఆకాశం వైపు చూసి, “ఎండ మస్తున్నది” అన్నారు. చేతిలో గొడుగు నా ముందుకు చాపారు.

నాకు నమ్మకం కుదరలేదు. “నాకా సారూ?”

“తీస్కపోండి. కింద పెట్టకండి, కట్టె పాడైతది. కుర్చీకి తగిలియ్యండి.”

అని చెప్పి మెట్లెక్కి వెళ్ళిపోయారు. తలుపు గొళ్ళెం పెట్టుకున్న చప్పుడు కూడా వినపడింది. వెనక అత్తమ్మ, “పక్కింటామెకు వానల ఇయ్యనోడు నీకు ఎండల ఇచ్చిండు” అని ఆశ్చర్యపోయింది. నేను దాని గురించి ఎక్కువ ఆలోచించలేదు. గొడుగుకు గీత పడకుండా తీసుకుపోవాలన్న భయమే ఎక్కువగా ఉంది.

కచేరీలో అప్పీలుదారులకు కుర్చీలు ఉండవు, బెంచీలే. మా వైపు ఉన్న కుర్చీ ఒక్కటే, సారుది. ఆయన చెప్పినట్టు దానికి గొడుగు తగిలించాను. వచ్చి గోడ పక్కన ముసలవ్వ దగ్గర నిలబడ్డాను. ఆమెది కూడా ఆరోజే పేషి. కాళ్ళ దగ్గర గుమ్మడికాయ ఉంది.

పెద్దసారు లోపలికి వస్తూనే పేష్కార్ సాబ్‌తో, “ఇయ్యాలటియన్ని వాయిదా వేయి, మీటింగుంది” అంటున్నారు. అంటూనే వెనక వరుస వైపు చూశారు. గొడుగు కనపడింది. మాట అక్కడే ఆగిపోయింది.

“వచ్చిండా?” అని మెల్లగా అడిగారు.

పేష్కార్ సాబ్ కుర్చీ వైపు చూశారు. గొడుగు వైపు చూశారు. నా వైపు చూశారు. “గొడుగున్నది సార్” అన్నారు.

పెద్దసారు కూర్చున్నారు. కళ్ళజోడు పెట్టుకున్నారు. “మొదటిది పిలువు.”

నా పేరు పిలిచినప్పుడు ‘హాజర్’ అని ముందుకు జరిగాను. పెద్దసారు ఫైలు తెరిచారు. అటు తిప్పి ఇటు తిప్పి చదివారు. మామగారి పేరున్న పాత పహాణీ, అంటే సాగు రికార్డు, చూశారు. తలెత్తి అడిగారు.

“ఈ భూమి సర్కారుదని ఎవరు చెప్పిండ్రు?”

తహసీల్దారు ఆఫీసు నుంచి వచ్చిన గుమస్తా, “కంప్యూటర్ల ఉంది సార్” అన్నాడు.

“కంప్యూటర్ల ఎవరు ఎక్కిచ్చిండ్రు?”

అతను కాసేపు తల గోక్కున్నాడు. “మనమే సార్.”

“దేన్ని చూసి ఎక్కిచ్చిండ్రు?”

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. అందరం, పెద్దసారుతో సహా, గొడుగు వైపు ఒకసారి చూశాం. అప్పుడు గుమస్తా మెల్లగా బయటపెట్టాడు. మా చెలక పక్కన వాగు ఉంది. వాగు సర్కారుది. ఎక్కించేటప్పుడు వాగు నంబరు మాకు, మా నంబరు వాగుకు పడింది. ఇన్నేళ్ళు రికార్డుల్లో వాగుకు మేము పట్టాదారులం.

పెద్దసారు ఉత్తర్వు అక్కడే చెప్పి రాయించారు. అందులో ‘ఎందుకంటే’ రెండు చోట్ల వచ్చింది. నేను విన్నాను. ముసలవ్వ జాగా కూడా అదే రోజు తేలింది. ఆ రోజు పిలిచిన వాళ్ళలో గెలవనివాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకు కూడా ఎందుకో చెప్పారు. ఒకాయన ఓడిపోయి బయటికి వచ్చి, “పోనీ, సంగతేందో తెలిసింది” అని కుండలో నీళ్ళు ముంచుకుని తాగాడు.

ఇంటికి వచ్చేసరికి సారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు.

“గొడుగు తెచ్చిండ్రా?” అన్నారు. కేసు సంగతి అడగలేదు.

చేతికి ఇచ్చి జరిగిందంతా చెప్పాను. నేను చెప్తుంటే ఆయన ముఖంలో సంతోషం, దిగులు రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. చివరికి దిగులు గెలిచింది.

“నేను రాలే” అన్నారు. “చీటీ ప్రకారం నేను రాలే. గొడుగొచ్చింది. ఇగ దీన్ని వచ్చిన వరుసల రాయాల్నా, రాని వరుసల రాయాల్నా?”

నాకు తోచింది చెప్పాను. “గొడుగు వరుస అని ఇంకోటి పెట్టండి సారూ.”

అప్పుడు నవ్వారు. దగ్గు వచ్చేదాకా, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. అత్తమ్మ భయపడి నీళ్ళు తెచ్చింది. మా ఇంటి నీళ్ళు, నోటీసు వచ్చిన నాటినుంచి మొదటిసారి, గటగటా తాగారు.

మర్నాడు పొద్దున కిందికి వచ్చి గడప దగ్గర ఎప్పటి చోట కూర్చుని చెప్పారు. “అమ్మా, నిన్నటి దినం నా పరిశోధనల నుంచి తీసేసిన. మొత్తం. మీ కేసు, ఆ అవ్వ కేసు, అన్ని.”

నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది. “మా కేసు అంత చిన్నదా సారూ?”

“చిన్నది కాదు. చూసింది చూసినట్టు రాయాలె. నిన్నటిది నేను గట్ల రాయలేను.” అని చేతిలో గొడుగు పిడిని బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నారు. ఎన్నో నెలల కష్టంలో ఒక రోజును చేతులారా చించి పారేసుకున్న మనిషి. నేను ఆ గొడుగు ఎండ కోసమే ఇచ్చారా అని అడగలేదు. ఎప్పుడూ అడగలేదు. ఆయన చెప్పలేదు.

అప్పుడే గేటు చప్పుడైంది. ముసలవ్వ. చంకలో గుమ్మడికాయ.

సారు దాన్ని చూశారు. కాసేపు ఆలోచించారు. ఆయన ముఖం మెల్లగా విప్పారింది. “ఆ దినం లెక్కలనే లేదు కదమ్మా” అన్నారు నాతో. “అంటే ఇగ ఇది తినొచ్చు.”

అత్తమ్మ బెల్లం వేసి వండింది. అన్ని బస్సులు తిరిగిన గుమ్మడికాయ అంత తియ్యగా ఉంటుందని ఎవరమూ అనుకోలేదు. సారు మళ్ళీ మళ్ళీ వేయించుకున్నారు.

మా ఆయన పత్తికి దుక్కి దున్నే సమయానికి వచ్చారు. సారు అప్పటికి పని ముగించుకుని గది ఖాళీ చేస్తున్నారు. ఒకరోజు ఉండమని పట్టుబట్టాం. ఆ సాయంత్రం మా ఆయన అడిగారు. “అన్నన్ని దినాలు కూసుంటిరి. ఆఖరికి ఏం తేలింది సార్?”

“మనల్ని ఎవరో చూస్తున్నరని తెలిస్తే మనిషి కారణం చెప్తడు. లేకుంటే చెప్పడు. పెద్ద ముచ్చటేం లేదు.”

“ఇది మా ఇంటామె రోజు దీపం పెట్టుకుంట చెప్పేదే కద!”

“అవును” అన్నారు సారు నవ్వుతూ. “ఆమె నమ్ముతది. నేను కూసొని చూసిన. ఒకదానికొకటి అడ్డం పడని తొవ్వలు. రెండు ఒకదిక్కే పోతయి.” తర్వాత నెమ్మదిగా, “ఓడినోడికి గూడ ఎందుకు ఓడిండో తెలిస్తే ఆ దినం బువ్వ సయిస్తది. అది చాలు నాకు” అన్నారు.

పోతూ పోతూ గొడుగును మా గుమ్మం పక్కన గోడకు తగిలించారు. మర్చిపోయారనుకుని బస్టాండుకు పరుగెత్తాను. బస్సు కిటికీలోంచి చేయి అడ్డంగా ఊపి, “ఉండనీయండి. ఇగ నేను కనపడినా ఎవరికి ఫికర్ లేదు” అన్నారు.

తర్వాత ఆయన పుస్తకం పోస్టులో వచ్చింది. ఇంగ్లీషు. మా ఆయన కొన్ని పేజీలు తిప్పి, “గుమ్మడికాయ బొమ్మ లేదు” అన్నారు. నేను బొట్టు పెట్టి దేవుని గూట్లో ఉంచాను. అత్తమ్మ తను పోయేదాకా ఇంటికి వచ్చినవాళ్ళకు దాన్ని చూపించి, “కూసొని రాసిండు” అని గర్వంగా చెప్పేది.

కబురు వచ్చిన రోజు మా ఆయనకు చెలకలో చెప్పాను. సద్ది పట్టుకుపోయినప్పుడు. ఆయన నాగలి ఆపి విన్నారు. చాలాసేపు వాగు వైపు చూస్తూ నిలబడ్డారు. నేను ఇంటికి తిరిగి వస్తే వెనకాలే వచ్చారు. గోడకు ఉన్న గొడుగు తీసుకుని మళ్ళీ చెలకకు పోయారు. ఏమి చేస్తారోనని నేను కూడా వెళ్ళాను.

వాగు ఒడ్డు మీద, మా హద్దు రాయి పక్కన, ఆయన గొడుగు తెరిచి, చిన్న గుంట తవ్వి వంకర పిడిని మన్నులో పాతారు. వాన లేదు. ఎండ కూడా అంత లేదు. దాని కింద ఎవరూ లేరు. ఆయన వెళ్ళి నాగలి పట్టుకున్నారు. సాలు వంకర పోకుండా, మెల్లగా, చాలా శ్రద్ధగా దున్నుతున్నారు. సాలు చివరికి వచ్చి ఎద్దులను మళ్ళించినప్పుడల్లా ఒకసారి తలెత్తి ఆ గొడుగు వైపు చూసి, మళ్ళీ తల వంచుకుంటున్నారు.